చలువను కాచు పని



వేసవి వచ్చెననగా మన యిండ్లలో మొదట వినబడు ప్రశ్న "మెకానిక్కునకు ఫోను చేసితిరా?" యనునదే. ఫ్రిజ్జులో పాలు విరిగినను, ఏ.సి. నుండి నీరు గోడవెంట కారినను అతడు రావలెను. వచ్చినవాడు పనిముట్ల సంచి భుజము దింపకమునుపే "గ్యాసు పోయినదా?" అని మనమే రోగనిర్ణయము చేయుదుము. పని ముగించి లేచునప్పుడు నూరు రూపాయలు తగ్గింపుమని బేరమాడుదుము. అతని పేరు మన ఫోనులో 'ఫ్రిజ్ అబ్బాయి' అనియో 'ఏ.సి. అతను' అనియో యుండును గాని తలిదండ్రులు పెట్టిన పేరుతో నుండదు.

మా మరిది యీ వృత్తివాడే. అయితే అతడు ఇండ్లకు పోడు. కృష్ణాతీరమున నొక పట్టణములోని పెద్ద ఆసుపత్రిలో పదునొకండేండ్లుగా పనిచేయుచున్నాడు. అతని నోట వినినదియు, మేము రెండు మూడు మారులు పోయి కన్నులార చూచినదియు మీకు తెలుపవలెనని మా కోరిక.

మేము కాపురమునకు వచ్చునప్పటికి అతడు పండ్రెండేండ్ల బాలుడు. మామగారు అంతకు రెండేండ్ల ముందే గతించిరి. పదవ తరగతి చక్కగా గట్టెక్కినాడు. మావారు ఉపాధ్యాయులు గనుక తమ్ముని ఇంటరులో చేర్చి, పిమ్మట ఇంజనీరింగు చదివింపవలెనని తలచిరి. అతడు మాత్రము ఐ.టి.ఐ.లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగు పని నేర్చుకొందునని పట్టుబట్టెను. రెండేండ్ల చదువు. "పంతులుగారి తమ్ముడు మేస్త్రీ యగునా?" అని బంధువులు ముక్కున వ్రేలు వేసికొనిరి. మా యింట పాతబడిన రేడియో మొదలుకొని తిరుగని పంకా వరకు అతని చేతిలో పడి ఎట్లు బ్రతికినవో మేము చూచియుంటిమి. కావున అతని పక్షముననే నిలిచితిమి.

మా చదువంతయు మా తాతగారి యొద్ద సాగినది. అమరము వల్లించిన పిమ్మట ప్రబంధములు చదివించిరి. ఆ ప్రబంధములలో విరహతాపము పొందిన నాయికకు చెలికత్తెలు శిశిరోపచారములు చేయుదురు గదా. మంచిగంధము పూయుట, పన్నీరు చిలుకుట, తామరాకులపై పరుండబెట్టుట, అరటియాకులతో విసరుట, చంద్రకాంత శిలల వేదికలు. చలువ యనగా కలవారి బిడ్డల కబ్బు భోగమను భావము అక్కడనే మనకు నాటుకొన్నదేమో! నేటికిని ఏ.సి. యనగానే "వారికేమి, చల్లగా కూర్చుందురు" అందుము.

ఆసుపత్రిలోని చలువకు ఆ భోగముతో సంబంధము తక్కువ. విచిత్రమేమనగా, యంత్రముతో మంచు చేయు యోచన ఒకనికి రోగుల మంచముల ప్రక్కనే పుట్టినది. అమెరికా దేశమున ఫ్లోరిడాలో అపలాచికోలా యను రేవుపట్టణమున జాన్ గోరీ యను వైద్యుడుండెను. ఆ ఊర జ్వరములు మెండు. అతడు రోగుల గదిలో పైకప్పు క్రింద మంచుగడ్డల పాత్రను వ్రేలాడదీసి గాలిని చల్లబరచుచుండెను. ఆ మంచు ఉత్తరమున గడ్డకట్టిన చెరువుల నుండి ఓడలలో రావలెను. ఓడ రాకున్న రోగులకు చలువ లేదు. అందుచేత గాలిని నొక్కి, తిరిగి విడిచి, దానివలన మంచు కట్టు యంత్రమును కల్పించి 1851లో పేటెంటు పొందెను. కాని దానితో చిల్లిగవ్వ గడింపకయే 1855లో మరణించెను. మనవైపునను ఆ కాలమున ఓడమంచే గతి. టూడరు అను వర్తకుని మంచు 1833లో కలకత్తాకు వచ్చెను. దానిని నిలువజేయుటకు 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున కట్టిన 'ఐస్ హౌసు' నేటికిని నిలిచియున్నది. యంత్రపు మంచు వచ్చిన పిమ్మట మంచు నిలువ పోయి, ఆ భవనములోనే సోదరి సుబ్బలక్ష్మిగారు బాలవితంతువులకు వసతిగృహము నడపిరి. మంచుకొట్టు ఆడపిల్లల చదువుకు నీడయైనదని చదివిననాడు మాకు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పలేము. ఇది మా విషయమునకు కొంచెము ప్రక్కదారియే యైనను, చెప్పక యుండలేకపోతిమి.

ఇక యంత్రము మాట. చలువ యనునది తయారుచేయు వస్తువు కాదట. గదిలోని వేడిని తీసి బయట పారవేయుటయే ఆ పని యంతయు. సూది వేయుటకు ముందు నర్సు స్పిరిటుతో తుడిచినప్పుడు చేయి చల్లనగును గదా. స్పిరిటు ఆవిరియగుచు మన చేతి వేడిని తీసికొనిపోవును. కూజానీరు చల్లబడుటయు ఇట్లే. ఫ్రిజ్జులో స్పిరిటునకు బదులొక గ్యాసు. అది ద్రవరూపమున సన్నని గొట్టము దూరి లోపలి చుట్టలో ప్రవేశించి, అక్కడ పీడనము తగ్గుటచేత మరిగి యావిరియై, మన పాలగిన్నెలోని వేడిని లాగుకొనును. కంప్రెసరు ఆ యావిరిని నొక్కి వెలుపలి చుట్టలోనికి నెట్టును. అక్కడ వేడిని విడిచి మరల ద్రవమగును. ఫ్రిజ్జు వెనుకనో ప్రక్కనో చేయి పెట్టి చూడుడు; వెచ్చగా నుండును. అది మీ పాలలో నుండి, కూరగాయలలో నుండి తీసిన వేడియే. ఇల్లూడ్చిన చెత్త ఎక్కడనో యొకచోట పోయవలెను గదా!

ఈ గ్యాసు దీపములోని నూనె వలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరిగినచోటనే తిరుగుచుండును. కావున "గ్యాసు తగ్గినది, నింపవలె" ననిన మెకానిక్కును మీరొక ప్రశ్న యడుగవలెను: "ఎక్కడ కారుచున్నది, నాయనా?" కారుచోటు పట్టి మూయక నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. మా మరిది యీ మాట చెప్పినది మొదలు మా వీధిలో నిద్దరు మెకానిక్కులకు మాపై ఆగ్రహము.

గొట్టములు విప్పి యతికిన పిమ్మట పంపుతో లోపలి గాలినంతయు లాగివేయనిదే గ్యాసు నింపరాదు. గాలితో రవంత తేమ మిగిలినను అది సన్నని గొట్టపు చివర మంచుబిందువై అడ్డుపడును. యంత్రము తిరుగుచునే యుండును, చలువ మాత్రముండదు. వినగానే మాకు ప్రవరాఖ్యుడు జ్ఞప్తికి వచ్చెను. హిమాలయమున మంచునీట పాదలేపము కరిగిపోయి అతడు కదలలేకపోయినట్లే, బొట్టంత నీరు ఇంత యంత్రమును నిలిపివేయును. ఈ మాట మరిదితో ననగా "ఆయనకు కనీసము వరూధిని యైన కనబడెను వదినా! నాకు కనబడునది సూపర్‌వైజరే" అని నవ్వెను.

నవ్వరాని సంగతి యొకటి కలదు. అతికిన గొట్టము గట్టిగా నున్నదో లేదో పరీక్షించుటకు లోపల ఒత్తిడి పెట్టవలెను. దానికి పొడి నైట్రోజను వాడవలెను. ఆసుపత్రిలో ప్రాణవాయువు సిలిండర్లు చేతికందు చోటనే యుండును. నైట్రోజనునకు కబురంపి కాచుకొనవలెను. తొందరలో ఆక్సిజను పెట్టినచో గొట్టములోని నూనె దానితో కలిసి ప్రేలును. ఈ విధముగా మనుష్యులు చచ్చిన వృత్తి యిది. మా మరిది తనక్రింద పని నేర్చుకొను కుఱ్ఱవానికి మొదటి దినముననే చెప్పునది ఇదియొక్కటియేనట. పైగా గ్యాసులును మారుచున్నవి. ఆకాశమున ఓజోను పొరను కాపాడుటకు 1987లో మాంట్రియలునందు దేశములు చేసికొన్న ఒడంబడిక ననుసరించి పాత ఆర్-22 క్రమముగా తొలగిపోవుచు, ఆర్-32 వచ్చినది. ఇది ఓజోనుకు హానిచేయదు గాని కొంచెము మండు స్వభావము గలది. చేయి తిరిగినవాడును మరల విద్యార్థి కావలసి వచ్చినది.

మేము మొదటిసారి ఆ యాసుపత్రికి పోయినది చూలాలైన మా పినతల్లి కూతురితో. అప్పుడు మా మరిది మమ్మును ఆపరేషన్ థియేటరు వెలుపలి నడవవరకు తీసికొనిపోయి చూపెను. థియేటరులో గంటకు ఇరువది మారులైనను గాలి మారవలెనట. అందులో కొంత బయటి క్రొత్తగాలి. మిక్కిలి సన్నని ఫిల్టర్ల గుండ వడగట్టి లోనికి వదలుదురు. లోపలి ఒత్తిడి బయటికన్న ఎక్కువగా నుంచుదురు. తలుపు తెరచినను లోపలి గాలి వెలుపలికి తోయునేగాని వరండాలోని ధూళి లోనికి రాదు. అంటువ్యాధిగ్రస్తుల గదికి దీనికి విపర్యయము. అక్కడి గాలి వెలుపలికి రాకూడదు. ఒకే మిద్దెపై ఒకే మనిషి ఒక గదికి గాలిని లోన నింపుచు, మరియొక గదినుండి లాగుచు నుండును. వేడి మాటలోను తగవే. నిలువెల్ల గౌను తొడిగి దీపముల క్రింద నిలుచు సర్జనుగారికి చెమటలు; ఇంకను చల్లబరచు మందురు. మత్తులోనున్న రోగి యొడలు చల్లబడునని మత్తుడాక్టరమ్మగారి భయము. ఇరువురి నడుమ 21 డిగ్రీల యొద్ద రాజీ కుదుర్చుట మెకానిక్కు వంతు. ప్రసవపు గదిలో పని వేరు. తడియొడలితో పుట్టిన శిశువు క్షణములో చల్లబడును గనుక అక్కడ 25 డిగ్రీలకు తగ్గకూడదు. చల్లబరచువానికి ఆ గదిలో చల్లబరపకుండుటయే ఉద్యోగము. మా చెల్లెలికి కాన్పైన రాత్రి, ఎవరో ఆయమ్మ ఉక్కపోసి మర తిప్పగా, అతడు రెండు మారులు వచ్చి సరిచేసి పోయెను.

రక్తపు సంగతి వినుడు. ఎఱ్ఱకణముల సంచులు 2 నుండి 6 డిగ్రీల నడుమనే యుండవలెను. ప్లేట్‌లెట్లు 20 నుండి 24 డిగ్రీలలో నిరంతరము ఊగుచుండవలెను, అయిదు దినములకు మించి నిలువవు. ప్లాస్మా కఠినముగా గడ్డకట్టి యుండవలెను. ఒకే గదిలో మూడు ఋతువులు! 2023వ సంవత్సరపు వైశాఖములో నొక రాత్రి మా మరిది పెరుగన్నము కలుపుకొనుచుండగా ఫోను మ్రోగెను. రక్తపు ఫ్రిజ్జులో ఏడు డిగ్రీలు చూపుచున్నదట. అతడు మొదట యంత్రము మాట యడుగనే లేదు. "సంచులెన్ని? రెండవ ఫ్రిజ్జులో చోటున్నదా? మిగిలినవి మంచుపెట్టెలో పెట్టుడు, మంచు నేరుగా తగులనీయవద్దు. డాక్టరుగారికి చెప్పుడు" అనుచునే చెప్పులు తొడిగికొనెను. నలువది సంచులట. పోయి చూడగా వెనుకనున్న వేడి చుట్టకు దుమ్మును దూదిపీచును కలిసి కంబళివలె పట్టియున్నవి. పంకా తిరుగుట మానినది. వేడి పోవు దారి లేదు. హెచ్చరిక గంట యేల మ్రోగలేదన, ఆ చప్పుడు చెవులకు బాధగా నున్నదని యెవరో దానిని వారము క్రిందటనే ఆపివేసిరి! ఎవరో అది తేల్చినవారు లేరు. డాక్టరుగారు వచ్చి లెక్కచూచి, వాడదగిన వేవో నిర్ణయించిరి. అతడు తెల్లవారుజామున మూడింటికి వచ్చి ఎండిన యన్నము ముందు కూర్చుండగా, "యంత్రము తెల్లవారిన పిమ్మట బాగుచేయరాదా, నాయనా?" అంటిమి. "యంత్రము రేపైనను బాగుపడును వదినా, నెత్తురు బాగుపడదు" అనెను. ఆ సంచులు ఎవరికి పోయినవో అతనికి తెలియదు, అడుగడు కూడను.

రోహిణీకార్తెలో రోళ్లు పగులునందురు. ఆ యెండలో, ఇండ్లలో మనము తలుపులు మూసికొన్న వేళ, అతనికి మిద్దెమీద పని. ఆసుపత్రి వేడి యంతయు అక్కడికే వచ్చి పడును గదా. కరెంటు పోయి జనరేటరు అందుకొన్నప్పుడు కంప్రెసరును వెంటనే నడపరాదు. మూడు నిముషములైన ఆగవలెను. ఆ మూడు నిముషములలో క్రిందినుండి పది ఫోనులు. 2021 వేసవిలో కోవిడు రోగుల వార్డులలోనికి పోయి ఫిల్టర్లు మార్చిన దినములను గూర్చి మేమెక్కువ వ్రాయలేము. నలువది దినములు అతడు వీధియరుగుమీద పరుండెను. కంచము గడపయొద్ద పెట్టి మేము వెనుకకు జరుగుచుంటిమి.

మా యత్తగారు ఆచారపరురాలు. ఒకనాడతడు శవాగారపు చలువగది బాగుచేసి అర్ధరాత్రి వచ్చెనని తెలిసి, గడప తొక్కనీయక పెరటి పంపు క్రింద స్నానము చేయించిరి. మాఘమాసపు చలి. తల తుడుచుకొనుచు అతడు చెప్పినది మాకింకను చెవిలో నున్నది. ఒక ముసలమ్మ కాలముచేసినది. ఏకైక పుత్రుడు అమెరికానుండి బయలుదేరినాడు. విమానము దిగి రావలెనన్న రెండు దినములు. అంతలో గది చెడినది. "అమ్మా, ఆ కొడుకు వచ్చి తల్లి మొగము చూచుకొనువరకు కాచితిని. అంతకన్న నేనేమియు చేయలేదు" అనెను. అత్తగారు మారు మాటలాడక లోనికి పోయి పొయ్యి వెలిగించి పాలు కాచిరి. అటుపిమ్మట కూడ పెరటి స్నానము తప్పలేదు గాని, పంపునీటికి బదులు వేడినీళ్లు సిద్ధముగా నుండును. అత్తగారు ఇన్సులిను వాడుదురు. దానికి మా ఫ్రిజ్జులో చోటు నిర్ణయించినవాడును అతడే. మంచుపెట్టెకు దూరముగా, నడిమి అరలో. గడ్డకట్టిన ఇన్సులిను కరిగిన పిమ్మట చూచుటకు బాగుగనే యుండునట, పనిచేయదట, పారవేయవలసినదే. ఇది మాత్రము ప్రతి యింటను తెలిసియుండవలెను.

ఇంత పనికి అతని జీతమెంతయని మీరడుగుదురు. చెప్పుటకు మాకే సిగ్గుగా నున్నది. అతడు ఆసుపత్రి ఉద్యోగి కాడు; కంట్రాక్టరు మనిషి. జీతము ఒక్కొక్కప్పుడు రెండు నెలలకు గాని రాదు. రాత్రివేళ పిలుపునకు వేరు భత్యము లేదు. చేతితొడుగులు తానే కొనుక్కొనును. రక్తముగది తాళములతనికి నమ్మి యియ్యవచ్చును గాని, ఆయాసుపత్రి పట్టికలో అతని పేరు వ్రాయుటకు చోటు లేదట!

ఈ కారణముననే ముప్పదియేండ్లు వచ్చినను పెండ్లి కాలేదు. మొదటి సంబంధమువారు "ఆసుపత్రిలో ఉద్యోగము" అని మధ్యవర్తి చెప్పిన మాట విని డాక్టరనుకొని వచ్చి, కాఫీ త్రాగి వెడలిపోయిరి. రెండవవారు దుబాయి పోయినచో పిల్లనిత్తుమనిరి. మూడవవారు శుభలేఖలో 'ఇంజనీరు' అని వేయింపుమని కోరిరి. మావారు బడిపంతులు గనుక అబద్ధపు అక్షరములు వేయింపమనిరి. అంతటితో అదియు పోయెను.

నాల్గవది మొన్నటి ఫాల్గుణములో వచ్చినది. పిల్ల ఇరువది మైళ్ల దూరమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఏ.ఎన్.ఎమ్. పెండ్లిచూపులలో పిల్ల నాయనమ్మగారు ఏదో కీర్తన పాడుమనిరి. పిల్ల పాడెను, బాగుగనే పాడెను. పిదప మా మరిదివంక తిరిగి, "మా టీకాల పెట్టె అడుగున మంచు పేరుకొనుచున్నదండీ. మీట ముట్టవద్దని పైవారి యుత్తరువు. నన్నేమి చేయుమందురు?" అని యడిగెను. మేమందరము నివ్వెరపోతిమి. అతడు సిగ్గు మరచి కుర్చీ ముందుకు జరుపుకొని, "పెంటావేలెంటు అడుగున పెట్టుచున్నారా?" అనెను. "అయ్యో, లేదండీ! అవన్నియు పై బుట్టలోనే. అడుగున పోలియో, తట్టు టీకాలే." "థర్మామీటరు రెండు పూటల చూచి వ్రాయుచున్నారా?" "ఆదివారము కూడ వ్రాయుచున్నాను."

ఇంక వారిరువురిని ఆపుట ఎవరి తరము! కొన్ని టీకాలకు వేడి శత్రువు, కొన్నింటికి మంచు శత్రువు. పోలియో మందు గడ్డకట్టినను చెడదు. పెంటావేలెంటు, ధనుర్వాతపు టీకాలు గడ్డకట్టినచో పనికిరావు. అనుమానమున్న సీసాను ఊపి నిలిపిన, లోపలి మడ్డి రేకులు రేకులుగా త్వరగా అడుగంటును. ఆ పెట్టె గోడలలో మంచు కట్టి యుండుటచేత దినమునకు 8 గంటలు కరెంటున్నను చాలును. సీసాపై వలయములోని చిన్న చదరము వలయమంత నల్లబడినచో ఆ మందు వేయరాదు; బిడ్డనెత్తుకొనిపోయిన తల్లియు దానిని చూపుమని యడుగవచ్చునని ఆ పిల్లయే మాకు చెప్పెను. కాఫీలు చల్లారిపోయినవి. ఆమె తండ్రిగారు మావారివైపు చూచి చిరునవ్వు నవ్విరి. జీతము సంగతి, కంట్రాక్టరు సంగతి మేమే దాచక చెప్పితిమి. "నాకును రెండు నెలలకొకమారే వచ్చును లెండి" అని ఆ పిల్ల లోపలినుండి పలికెను.

సంబంధము కుదిరినది. ఇక ముహూర్తము. పురోహితులవారు పంచాంగము విప్పి వైశాఖములో దివ్యమైన లగ్నములున్నవనిరి. పెండ్లికొడుకు వినగానే తల అడ్డముగా త్రిప్పెను. ఎండలలో ఆసుపత్రి విడిచి మూడు దినములు రానన్నాడు. అత్తగారు గొణిగిరి. జ్యేష్ఠమును అంతే. ఆషాఢము, భాద్రపదము ఎట్లును లేవు. శ్రావణము పిల్ల వారికి నచ్చలేదు. మాఘమనగా, పోలియో చుక్కల ఆదివారము అందులో పడినచో తనకు సెలవుండదని పెండ్లికూతురు ఫోనులో చెప్పెను. పురోహితులవారు కండ్లద్దములు తీసి తుడుచుకొని, "అమ్మా, నక్షత్రములకైన నచ్చజెప్పగలను గాని వీరిరువురి ఫ్రిజ్జులకు నచ్చజెప్పలేను" అని, మాఘమాసపు పుట నింకొక మారు త్రిప్పుచున్నారు.